మేదిని

ఉతికి ఆరేసిన పసిబట్టలు మడత పెడుతూ తోడికోడళ్ళిద్దరూ మంచం మీద కూర్చున్నారు. పిల్ల చిన్నామె ఒళ్ళో నిద్రపోతోంది.

"అక్కా, మేదిని అనే పేరు మేదస్సులోంచి వచ్చిందన్నావు కదా?"

"అవును. మేదస్సు అంటే కొవ్వు. సంస్కృతంలో ఎమ్మే చేసినదాన్ని, ఆమాత్రం తెలియదా?"

"పిల్లకి కొవ్వని పేరు పెడతావా అని నువ్వంటే నీ మరిది పడీపడీ నవ్వాడు. నేను సిగ్గుతో చచ్చిపోయి ఆ పేరే వదిలేశాను."

"వేరే పేరు అనుకున్నారుగా. ఇప్పుడెందుకా గోల?"

"నిన్న నీ నిఘంటువు తీసి చూశాను. కొవ్వన్న మాట నిజమే. దాని కిందే ఇంకా ఉంది. సారం నిండిన నేల కాబట్టి భూమిని మేదిని అన్నారట. ఇది నీకు తెలియదా? ఆ చొక్కా ఎన్నిసార్లు మడత పెడతావు, చెప్పక్కా."

"తెలుసు."

"మరి సగమే ఎందుకు చెప్పావు?"

"పుట్టకుండానే పోయిందే మా పాప, దానికి అనుకున్న పేరు అది. కడుపులో ఉండగానే అలా పిలిచేదాన్ని. నీ నోట అదే పేరు వచ్చేసరికి ఓర్వలేకపోయాను."

"ఒక్క మాట చెప్తే ఆ పేరు జోలికి వచ్చేదాన్నా?"

"చెప్పాల్సింది. చదివిన చదువంతా పెట్టి పసిదాన్ని నవ్వులపాలు చేశాను. ఆ పేరే పెట్టుకోవే."

"అయితే మొదట నువ్వే పిలువు. ఇదిగో, ఎత్తుకో."

"ఉండు, చేతులు కడుక్కుని వస్తాను."

"ఇందాకే కడుక్కున్నావుగా."

"మళ్ళీ కడుక్కుంటాను."