నాలుగు నిమ్మకాయలు, పదకొండో గేరు

ఆర్.ఎస్. పురంలో పంకజవల్లి ఇంటి వాకిట్లో శనివారం సాయంత్రం ఇంటివాళ్ళంతా కాఫీ గ్లాసులు పట్టుకొని కూర్చున్నారు. తెల్లారితే ఆమె కూతురు దర్శిని పెండ్లి. దర్శిని తన జీతంతో కొన్న ఎర్ర కారు గుడ్డ కప్పుకొని పక్కనే నిలిచి ఉంది. క్లచ్ లేని ఆటోమేటిక్ బండి, కావాలంటే గేర్లు చేత్తో మార్చుకునే వసతి కూడా ఉన్న రకం. పొద్దున పెండ్లికూతురు మండపానికి అందులోనే పోవాలి. ఎవరు తోలాలన్నదే తగవు. పంకజవల్లి డ్రైవర్ పళనిసామిని మాట్లాడింది. ఆమె తమ్ముడు, బట్టల అంగడి శ్రీనివాసన్ ఆ మాట విని గ్లాసు కింద పెట్టేశాడు.

"ఏందక్కా నువ్వు చెప్పేది? మేనమామను నేను గుండ్రాయి మాదిరి ఉంటే పెండ్లికూతురును ఇంకొకడు పిల్చుకపోయేదా? దీనికి చెవులు కుట్టినప్పుడు ఎవరి ఒళ్ళో కూర్చోబెడితిరి? నా ఒళ్ళో. ఏడ్చి ఏడ్చి ఎవరి చొక్కా తడిపె? నా చొక్కా. పళనిసామీ, తప్పుగా అనుకోవద్దప్పా, నువ్వు మంచోడివే. అయినా ఈ బండికి నువ్వు చాలవు. దీనికి వేలి పని తెలిసిన మనిషి కావాల. నిన్న పూజ అయినాక తాళం నా చేతిలో పెట్టి మీరంతా వ్యానెక్కి గుడికి పోతిరి కదా? అప్పుడు నేనేం చేస్తినో తెలుసా? సుమ్మా, ఊరికే వీధి చివరిదాకా ఒక తిప్పు తిప్పొద్దామని ఎక్కితి. అంతే, వేరే ఆశ లేదు."

శ్రీనివాసన్ తల్లి నాగమ్మాళ్ మెట్టు మీద కూర్చొని రేపటికి మల్లెలు కడుతూ ఉంది. కొత్త బండి నిమ్మకాయలను తొక్కి కదిలితేనే దిష్టి పోతుందని ఆమె నమ్మకం. పూజలో నాలుగు చక్రాల కిందా కాయలు పెట్టింది ఆమే.

"నాలుగు కాయలూ చితికెనా చిన్నా?" అని అడిగింది.

"చితికెనా అంటావేందమ్మా! పటక్, పటక్, పటక్, పటక్! దీపావళికి ఔట్లు పేలినట్టు. రసం ఎగిరి ఎదురింటి గోడ మీద పడె. పళనిసామీ, అటు చూడొద్దు, ఎండకు ఆరిపోయె. సరి, విను. D లో పెడితి, గేర్లు బండే మార్చుకునే దాంట్లో. పెండ్లి భోజనం తిన్న పెద్దాయన మాదిరి మెల్లిగా పోతాది బండి. నాకు సరిపడలేదు. ఆ లివర్‌ను పక్కకు ఒక తోపు తోస్తి. ఎదురుగా M అని వచ్చె. M అంటే ఏందో తెలుసా?"

"మాన్యువల్, సార్," అన్నాడు పళనిసామి.

"మామ! మేనమామ కోసరమే పెట్టిండారు దాన్ని. ఇంక స్టీరింగ్ వెనకాల రెండు రెక్కలు ఉంటాయి. కుడిది ప్లస్, ఎడమది మైనస్. కుడి వేలితో టిక్ అంటే రెండో గేరు. టిక్, మూడు. వీధి చివర ఎప్పుడు వచ్చెనో, ఎప్పుడు పోయెనో నాకు తెలీదు. కళ్ళు తెరిచి చూస్తే పల్లడం. గేరు చూస్తే ఎనిమిది."

"ఈ బండికి ఉండేదే ఆరు గేర్లు సార్."

"ఆరనేది D లో పోయేవాళ్ళకప్పా! ఆ పైవి కంపెనీవాడు పుస్తకంలో రాయడు. రాస్తే ఊరంతా నొక్కరా? వేలు చూసి, మనిషిని చూసి బండే ఇస్తాది. పల్లడం దాటితే గాలిమరలు ఉండాయి కదా, నిన్న గాలి లేక అన్నీ నిద్రపోతా ఉండె. నేను ఇట్ల పోతి, అవి అట్ల తిరగబట్టె. వచ్చేటప్పుడు వెనక్కి తిరిగె. ఆ చుట్టుపక్కల ఇండ్లలో ఫ్యాన్లు కూడా వెనక్కి తిరిగెనంట, పాపం."

"వీధి చివరికని పోయినోడివి పల్లడం దాటి ఎందుకు పోతివి?" అంది పంకజవల్లి.

"నిలపాలంటే కదక్కా! నిలిపేది నేర్చుకునే లోపల తారాపురం పోయె. అప్పుడు తోచె నాకు. కంబంలో సౌందరం చిన్నమ్మకు పెండ్లి పత్రిక ఫోన్లో పంపితివి నువ్వు. వెండి తట్టలో పెట్టి చేతికి ఇయ్యలేదని ఆమె అలిగి కూర్చుండాది. కొంచెం దూరమే కదా, చూసి పిలిచి వద్దాం అని తొమ్మిది వేస్తి. తేనిలో ఎవరో యాలకుల మూటలు లారీకి ఎక్కిస్తా ఉండిరి. నేను కారు అద్దం దించి ఉంటి. ఆ వాసన లోపల దూరి ఇంకా పోలేదు, కావాలంటే నా చొక్కా వాసన చూడు."

"చొక్కా వాసన వద్దులే," అంది పంకజవల్లి.

"చిన్నమ్మ నన్ను చూసి ఒకటే ఏడుపు. వద్దు వద్దంటే వినక రెండు బుట్టల పచ్చ ద్రాక్ష వెనక సీట్లో పెట్టె."

దర్శిని చేతులకు గోరింటాకు ఆరబెట్టుకుంటూ ఇంతసేపూ నవ్వు ఆపుకుంటోంది. "ద్రాక్ష ఏది మామా?" అంది.

శ్రీనివాసన్ జేబులో చెయ్యి పెట్టి గుప్పెడు ఎండు ద్రాక్ష తీశాడు. "ఇదే కన్నా. కంబంలో పచ్చగానే ఉండె. పదో గేర్లో ఎండ ఒక పక్క, గాలి ఒక పక్క. ఇంటికి వచ్చి చూస్తే ఇట్లయిపోయిండాది."

"అయ్యో పాడు, అది పాయసానికని నేను డబ్బాలో దాచింది!"

"అదే రకం అక్కా, అది కాదు. మధ్యలో మాట్లాడొద్దు, అసలు కత ఇప్పుడే వస్తాది. కంబం దాటి వస్తా ఉంటే ఏమైందో తెలుసా? ఒక ట్రాక్టర్! ఇంటెత్తు అరటి గెలలు ఏసుకొని రోడ్డుకు అడ్డంగా తిరగతా ఉండె. ఈ పక్క కాలవ, ఆ పక్క వరిమడి. బ్రేకు కొడితే ద్రాక్ష నలగతాది. మైనస్ కొడితే నా పేరు పోతాది. పళనిసామీ, నువ్వయితే ఏం చేసిందువు?"

"హారన్ కొట్టిందును సార్."

"చూస్తివా అక్కా, అందుకే చెప్తా ఉండా! నేను కండ్లు మూసుకొంటి, అమ్మను తలుచుకొంటి, ప్లస్ కొడితి. పదకొండు! నాలుగు చక్రాలూ భూమిని వదిలె. ట్రాక్టర్ మనిషి తలెత్తి చూసి తలపాగ తీసి దండం పెట్టె. నేను పోతా పోతా కిటికీలోంచి చెయ్యి దించి ఒక పండు తుంచుకొంటి. తింటా ఉంటే కిందుగా పెరియకుళం పోయె, ఒట్టన్‌సత్రం పోయె. పండు అయిపోయె, తొక్క ఎక్కడ పారేద్దామని చూస్తే మన ఇల్లు. సరిగ్గా ఈ చోటనే, పువ్వు దించినట్టు దించితి. మీరు వ్యాను దిగేసరికి నేను గుడ్డ కప్పి, చెయ్యి కడుక్కొని, అన్నానికి ఆకు ముందర కూర్చుని ఉండానా లేదా? చెప్పండి!"

కూర్చుని ఉన్న మాట నిజమే. శ్రీనివాసన్ దర్శిని వైపు చెయ్యి చాచాడు. ఇంతసేపు గాలిలో తిరిగిన గొంతు ఒక్కసారిగా తగ్గిపోయింది.

"తాళం ఇయ్యి కన్నా. రేపు ఒక్కదినమే. నిన్ను మండపంలో దించేది నేనే ఉండాల."

నాగమ్మాళ్ మల్లెల దారం పళ్ళతో కొరికి ముడి వేసింది. "చిన్నా, నాకు ఒకటి తెలియలేదు," అంది.

"అడుగమ్మా."

"ఇంతకుముందు వాకిలి ఊడుస్తా గుడ్డ ఎత్తి చూస్తి. నాలుగు కాయలూ నేను పెట్టినట్టే ఉండాయి. బొట్టు పెట్టిన కుంకుమ కూడా చెదరలేదు. వచ్చేటప్పుడు పైనుంచి దిగితివి, సరి. పోయేటప్పుడు కూడా ఇక్కడి నుంచే ఎగిరితివా?"

పళనిసామి వంగి గుడ్డ అంచు ఎత్తాడు. ముందు రెండు, వెనక రెండు. పసుప్పచ్చగా, గుండ్రంగా, చెక్కుచెదరకుండా ఉన్నాయి. పంకజవల్లికి నవ్వు పొంగి కాఫీ ముక్కులోకి పోయింది. వాకిలంతా నవ్వింది. శ్రీనివాసన్ మాత్రం చాచిన చెయ్యి మెల్లిగా వెనక్కి తీసుకుని, తన ఎడమ కాలి చెప్పు వైపే చూస్తూ కూర్చున్నాడు.

"కదల్లేదు," అన్నాడు. "బటన్ నొక్కితే పాట వస్తాది కానీ బండి రాదు. రెక్కలు రెండూ నొక్కితి, టిక్ టిక్ మనె, అంతే. క్లచ్ కోసరం కాలు పెట్టి వెతికి వెతికి ప్యాంటు చిరిగె. ముప్పై ఏండ్లుగా అంగడి వ్యాను తోలినోడిని నేను! ఎడమ కాలికి పనిలేని బండి ఒక బండా? మూడు గంటలు దాంట్లోనే కూర్చుంటి. ఎవరినైనా అడుగుదామంటే సిగ్గు."

దర్శిని నవ్వు ఆగిపోయింది. "మూడు గంటలా మామా?"

"నిన్ను నేనే దించాలని ఉండె. వేరే ఏముంది నాకు."

దర్శిని లేచి వచ్చి అతని పక్కన మెట్టు మీద కూర్చుంది. "పళనిసామి అణ్ణా, రేపు మీరు చుట్టాల వ్యాను తోలండి. కారు నేనే తోలతా."

"పెండ్లికూతురు బండి తోలేదా! చూసినోళ్ళు ఏమంటారు?" అంది పంకజవల్లి.

"మేనమామ పక్కనే ఉంటాడు కదమ్మా. లివర్ నడిమధ్యలోనే ఉండాది. M లో పెట్టి ఇస్తా, దాన్నే ప్లస్‌కూ మైనస్‌కూ తోసినా గేర్లు మారతాయి, నేను చెప్పినప్పుడు మామ తోస్తాడు. బండి మేమిద్దరం తోలినట్టే."

శ్రీనివాసన్ చొక్కా అంచుతో మొహం తుడుచుకున్నాడు. తర్వాత మీసం సర్దుకుని, గొంతు సవరించుకుని, పళనిసామికి వినబడేటట్టు అడిగాడు.

"మండపం దగ్గరే కదా, కన్నా. పదకొండు వద్దు. తొమ్మిదిలో పోదామా?"

"ముందు ఆ నిమ్మకాయలు దాటరా," అంది నాగమ్మాళ్.