యాభై ఇంచుల డబ్బా

మిర్యాలగూడ టీవీల దుకాణం ముందు ఆటో ఆగి ఉంది. ముప్పైరెండు ఇంచుల హెచ్‌డీ టీవీ కొని అతను మంచమంత డబ్బా మోసుకొస్తుంటే, భార్య ఎదురొచ్చింది.

"గింత పెద్ద డబ్బా ఎందుకయ్యా? మనం కొన్నది చిన్నదే గద?"

"లోపల మనదే ఉన్నది. డబ్బా ఒక్కటే యాభై ఇంచులది. సేటును బతిమాలి తెచ్చిన."

"ఎందుకట?"

అతను ఆటో చక్రం వైపు చూశాడు.

"మొన్న ఛాయ్ హోటల్ కాడ నోరు జారిన. యాభై ఇంచులదే తెస్తనన్న. ఇంటి ముందట దించేటప్పుడు అందరు సూస్తరు."

"లోపల పెట్టినంక సూడరా?"

"మనింటికి ఎవరొస్తరే?"

"అందరొస్తరు. ప్రార్థన చేయనీకి పాస్టరయ్యను పిలిచిన. మన వాడకట్టోళ్లను గూడ రమ్మన్న."

"ఏమని చెప్పినవ్?"

"మా ఆయన ముప్పైరెండు ఇంచులది, కొత్త టీవీ తెస్తుండని. ఇల్లిల్లు తిరిగి చెప్పిన. మస్తు సంబురమైంది నాకు."

అతను డబ్బా కింద పెట్టాడు. తల మాత్రం ఎత్తలేదు.

"జర ఆగు. మన డబ్బా తెచ్చుకుంట."