కుళాయికి వేలాడిన మూట

అక్కగారు చెల్లెలి కొత్త అద్దె ఇంటికి మొదటిసారి వచ్చింది. చెల్లెలి కుడిచేతికి కట్టు ఉంది. వంటింటి కుళాయికి ఒక గుడ్డమూట వేలాడుతోంది. చెల్లెలి మొగుడు దాని పక్కన ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు.

“...అందుకే అంటున్నా వదినా, ఇలాంటి మెత్తటి చీజ్ చేసే మగాడు ఈ వీధిలోనే కాదు, పక్క వీధిలో కూడా లేడు! ఓడలో వంట చేసే ఒకాయన నా చెవిలో చెప్పిన పద్ధతి ఇది. ఆయన చీజ్‌కి చెంచా చూపిస్తే చాలు, దానంతటదే రెండుగా విడిపోయేది.”

“మీరు ఓడెప్పుడెక్కారు మరిదిగారూ?”

“ఎక్కలేదు. ఆయనే దిగాడు.”

“అక్కా, ముందు కాసిని మంచినీళ్లు తాగు.”

“నీళ్లు తర్వాత. నువ్వు బట్టలు సర్దుకో. చెయ్యి నయమయ్యేదాకా మా ఇంట్లోనే ఉందువుగాని. ఈయన వంట తింటే కడుపుకి కూడా కట్టు కట్టాలి.”

“అదిగో! అందుకేగా చీజ్ చేసి చూపించింది! ఇంత చేసేవాడు పెళ్లానికి నాలుగు మెతుకులు ఉడకేసి పెట్టలేడా? మెట్ల మీంచి పడ్డప్పట్నుంచీ దీన్ని పొయ్యి దగ్గరికి రానిస్తే ఒట్టు!”

“సరే, ఎలా చేశారో చెప్పండి. పాలు?”

“కాచాను.”

“ఊఁ.”

“పొంగాయి.”

“దించారా?”

“అవే దిగాయి. పొయ్యి మీంచి నేల దాకా.”

“ఏవండీ!”

“ఉండవే, వదిన దగ్గర దాపరికమేంటి? గిన్నె మాడిపోయింది వదినా. నిమ్మచెక్కతో బరబరా తోమాను. కడగడం మరిచిపోయి అందులోనే మళ్లీ పాలు పోశాను, టీ కోసం. కాగాయో లేదో, ముక్కలు ముక్కలు!”

“మరి ఆ ఓడాయన?”

“ఆయన చెప్పింది టీ పద్ధతి.”

“చాలు. సంచీ ఎక్కడుందే?”

“అది కాదక్కా, పారబొయ్యకుండా గుడ్డలో వడగట్టారు కదా! ఉప్పేసి, పిండకుండా వేలాడదీశారు. పిండితే రబ్బరైపోతుందని ఆయనకి తెలుసు.”

“తెలుసా మీకు?”

“ఇప్పుడు తెలిసింది.”

“ఊఁ... ఈ మూట కట్టిందెవరు?”

“నేనే!”

“ఆయనే!”

“ఇద్దరూ ఒక్కసారే అరవక్కర్లేదు. ఇలా రండి మరిదిగారూ. కొస మెలిపెట్టి, వెనక్కి తిప్పి, లోపలికి దోపిన ముడి ఇది. కొస పట్టి లాగితే... ఇదిగో, ఊడొచ్చింది. ఇది మా అమ్మ ముడి. నాకూ దీనికీ తప్ప ఇంకెవరికీ రాదు. రెండు చేతులూ ఉంటేగానీ పడదు. ఏమే చెల్లీ?”

“చీజ్ ఎలా ఉందక్కా?”

“వెన్నలా ఉంది. మాట మార్చకు! మా ఇంటికి రంగులు వేయిస్తున్నాం, సామాను సర్దడానికి రమ్మని నేను ఫోన్ చేసిన సాయంత్రమే కదూ నువ్వు పడింది?”

“రానంటే నువ్వు అలుగుతావని...”

“దాన్నేమీ అనకండి వదినా. మీకు కాదని చెప్పడం దానికి చేతకాదు, అది లేకపోతే నాకు పొద్దుపోదు. అందుకని ఆ కట్టు నేనే కట్టాను.”

“చక్కగా కట్టారు. ఇద్దరూ బట్టలు సర్దుకోండి.”

“నేనెందుకు వదినా?”

“అటకెక్కి సామాను దింపడానికి! అన్నట్టు, ఫోన్లో అరగంట వర్ణించారుగా, మూడో మెట్టు నునుపు, నాలుగో మెట్టు వంకర అని! అవెక్కడున్నాయో చూసి మరీ పోదాం, పదండి.”

“ఎలా చూపించను వదినా? ఈ ఇంటికి ఉన్నది గడప ఒక్కటే. ఆ మెట్లు ఫోన్లో నేను కట్టినవి.”