వీపు మీది మచ్చ

చర్మవైద్యుడి గది ముందు బెంచీ మీద మొగుడూ పెళ్లామూ కూర్చున్నారు. మొగుడు తొడ గోక్కుంటున్నాడు.

"పొద్దున ఎడమ తొడ అన్నారు. ఇప్పుడు కుడిది గోకుతున్నారేం?"

"పాకింది."

"అది తామరా, రైలా?"

"నవ్వు, నవ్వు. నీకొస్తే తెలుస్తుంది."

"నాకెందుకొస్తుంది? నేను రోజూ ఒళ్లు రుద్దుకుంటాను. అయినా తామర చూపించుకోడానికి పెళ్లాం తోడు కావాలన్న మగాణ్ణి మిమ్మల్నే చూశాను. లోపల మీ ప్యాంటు నేను పట్టుకు నిలబడాలా ఏంటి?"

"మెల్లగా! అందరూ వింటున్నారు."

"విననీండి. వాళ్లు మాత్రం పేరంటానికొచ్చారా?"

"సరేలే. ఆ గోడ మీద మచ్చల బొమ్మలు చూశావా?"

"చూళ్లేదు."

"అటే చూస్తూ చూళ్లేదంటావేం?"

"కళ్లజోడు తేలేదు."

"నేను చదువుతాను విను. అంచులు వంకరగా ఉన్నా, రంగు మారుతున్నా, పెరుగుతున్నా..."

"మీ పొట్ట గురించి రాసినట్టుందే."

"నీ వీపు మీది మచ్చ గురించి. మొన్నటిదాకా కందిగింజంత ఉండేది. ఇప్పుడు చింతగింజంతయింది."

"మళ్లీ మొదలెట్టారూ? నా వీపు నాకు కనబడదు. కనబడనిదాంతో నాకు పేచీ లేదు."

"నాకు కనబడుతోందే! నువ్వు హాయిగా అటు తిరిగి పడుకుంటావు. నేనూ అదీ తెల్లార్లూ ఒకళ్ల మొహం ఒకళ్లం చూసుకుంటూ ఉంటాం."

"అయితే మీరూ అటు తిరగండి."

"అది కాదే. ఒకవేళ క్యాన్సరే అనుకో..."

"ఆ మాట అనకండి."

"ఊరికే అనుకోమంటున్నా. ముందు చిన్న ముక్క తీసి పరీక్ష చేస్తారట. అదే అయితే చుట్టూ కాస్త చర్మంతో సహా కోసి కుట్టేస్తారు. తొందరగా పట్టుకుంటే చాలామందికి అంతటితో సరి. కొన్ని రకాలకి కత్తి కూడా అక్కర్లేదట. పూతమందు, లేకపోతే చల్లటి మందు కొట్టి గడ్డకట్టించడం, రేడియేషనూ..."

"తామరకొచ్చిన మనిషికి ఇవన్నీ ఎవరు చెప్పారు?"

"గోడ."

"గోడకి మీకంటే వాగుడెక్కువలా ఉందే. మా పిన్నీ చూపించుకుంది. చూపించుకున్నాకే పోయింది."

"ఏడాది దాచిపెట్టి, అప్పుడు చూపించుకుంది. అందుకు పోయింది."

"వీపు దురదేస్తోంది."

"మచ్చ దగ్గరా?"

"కాదు. మీరు హుక్కులు వంకరగా పెట్టారు."

"పెళ్లైనప్పట్నుంచీ ముందు హుక్కుల జాకెట్లే కదా నీవి! ఇవాళ ఆస్పత్రికి ఈ వెనక హుక్కుల సోకేమిటి? పెట్టలేక నా గోరు విరిగింది."

"మీ తామరకి ఆమాత్రం మర్యాద చెయ్యొద్దూ?"

నర్సు తలుపు తీసింది. "తర్వాతి పేషెంటు రండి! మీ ఇద్దర్లో ఎవరండీ?"

"అదీ... ఒక్క నిమిషం సిస్టర్. ఏమేవ్, కోప్పడకు. నాకు తామరా లేదు, గీమరా లేదు. నీకని చెబితే రావని అబద్ధమాడాను."

"తెలుసు."

"తెలుసా! మరి ఎందుకొచ్చావ్?"

"మచ్చ చూపించడానికి వీలైన జాకెట్టు కోసం నేను బీరువా అంతా వెతికాక కూడా అడుగుతున్నారా? లేవండి. వెనక హుక్కులు నాకందవు."