కారుణ్య ఉప్పులో అమ్మ బియ్యం

సంఘం అధ్యక్షులు సత్యారావు గారికి, మా చెల్లెలు కారుణ్య చేత ఈ పరిశోధన చేయించిన ప్రొఫెసర్ వేదవతి మేడం గారికి, లిలువా రైల్వే వర్క్‌షాపులో మా నాన్నగారు జ్ఞానానందంతో కలిసి పనిచేసి ఇవాళ ఓపిక చేసుకుని వచ్చిన పెద్దలకు, అక్కచెల్లెళ్ళకు, పిల్లలకు వందనాలు. నేను ప్రార్థన చేస్తానన్నాను. ప్రార్థనకు పాస్టరుగారున్నారు, పెద్దకూతురివి నువ్వు మాట్లాడాల్సిందేనని సత్యారావు గారు పట్టుబట్టారు. ఒక్క పొద్దుటి సంగతి చెప్పి కూర్చుంటాను.

ముందటేడు నవంబరు. మామూలు పొద్దే. నేను బైబిలు మూసి టీ పెట్టాను. మా అమ్మ రోజమ్మ, అదిగో ముందు వరసలో కూర్చుంది, పీట మీద చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. తమ్ముడు సుందర్ బూట్లకు పాలిష్ పెడుతున్నాడు. కారుణ్య బడిలో పాఠాలు చెప్పడానికి తయారై, నిలబడే టీ తాగుతూ, దుర్గాపూజ సెలవుల తర్వాత నుంచి ల్యాబులో ఒక్క కొలతా కుదరడం లేదని, కరెంటు ఉండాల్సినదానికంటే ఎక్కువ చూపిస్తోందని చెబుతోంది.

కొలత అంటే ఏమిటో చెప్పాలి కదా. నాకు ఆమె చెప్పినంతే తెలుసు. ఉప్పును ద్రవంలో కరిగిస్తే ప్లస్సులు, మైనస్సులుగా విడిపోయి కరెంటును మోస్తాయి. కొన్ని ద్రవాల్లో మాత్రం ఒక ప్లస్సూ ఒక మైనస్సూ చేరువై జంట కడతాయి. జంటను ఎటు లాగినా కదలదు, కరెంటు మోయదు. రావలసిన కరెంటులో ఎంత తగ్గిందో చూస్తే, ఎన్ని జంట కట్టాయో లెక్క తేలుతుంది. సరిగ్గానే చెప్పానా, మేడం? (మేడం తల ఊపారు. నవ్వులు.) ఈ పనికి తేమ పడదు. కాస్త నీరు చేరినా జంటలు విడిపోతాయి. మన కలకత్తాలో తేమ లేని చోటెక్కడుంది చెప్పండి.

అప్పుడు అమ్మ చిక్కుడుకాయ మీంచి తల ఎత్తకుండానే చెప్పింది. పూజా సెలవుల్లో ల్యాబు పైకప్పు కారుతోందని కారుణ్య తన కొలతల ఉప్పు సీసా ఒకటి ఇంటికి తెచ్చి వంటింటి అర మీద పెట్టింది. అది గడ్డకడుతోందేమోనని అమ్మ మూత తీసి, వేపిన బియ్యం వేసి, నాలుగు రోజులయ్యాక ఒక్క గింజ కూడా లేకుండా ఏరేసిందట. బిడ్డ పనిలో తానూ ఓ చెయ్యి వేశానని అమ్మ సంబరం. నవ్వకండి, వానాకాలం మీ ఉప్పు జాడీల్లోనూ బియ్యం ఉంటాయి. ఆ ల్యాబు ఉప్పు చారులో వేయలేదు, దేవునికి స్తోత్రం. (నవ్వులు.)

కారుణ్య టీ కప్పు కింద పెట్టింది. అమ్మ భుజం మీద చెయ్యి వేసి, లోకల్ రైలు పట్టుకోవడానికి వెళ్ళిపోయింది. టీ సగం వదిలేసిందేమిటని అమ్మ అడిగింది. అన్ని వారాలుగా బడి అయ్యాక ల్యాబుకు వెళ్ళి తీసిన కొలతలన్నీ పోయినట్టే. యూనివర్సిటీ ఇచ్చిన గడువు వేసవితో సరి. యాభైకి దగ్గరపడ్డ మనిషికి మరో గడువు ఎవరిస్తారు?

సాయంత్రం కారుణ్య తిరిగొచ్చి గుమ్మంలోనే నాతో అంది, ఇక మానేస్తానని, అమ్మకు మాత్రం బడిలో పని పెరిగిందని చెబుదామని. ముందు ప్రార్థన చేసుకుందామన్నాను.

మా ఇంట్లో చివరి ప్రార్థన అమ్మది. ఆ సాయంత్రం అమ్మ కళ్ళు మూసుకోలేదు. ఆవిడ మాటే చెబుతాను.

"ఏటే కారుణ్యా, నానేసిన బియ్యం వల్లేనా?"

కారుణ్య నా వైపు చూసింది. నేను అమ్మ వైపు చూశాను.

"అవునమ్మా. మూత తీస్తే తేమ ఎక్కేస్తాది."

"మరైతే మళ్ళీ కొలు. నా పేరు సెప్పి మానీకు."

అదిగో, నా గురించి చెప్పకే అని చెయ్యి ఊపుతోంది. అయిపోయిందమ్మా. శింగాడా సమోసాలు చల్లారిపోతున్నాయని వెనక నుంచి వడ్డన చూస్తున్న మేరీరాణి కూడా సైగ చేస్తోంది. పాడైన కొలతల మాట చెప్పగానే కోప్పడకుండా కొత్త సీసా తెప్పించిన వేదవతి మేడం గారికి, ఈ శాలువా కప్పిన సంఘానికి, నా మాటలు ఓర్చుకున్న మీకు కృతజ్ఞతలు. ఇవాళ మా చెల్లిని డాక్టర్ కారుణ్య అని పిలిచారు. నాన్న లేరు, వినలేదు. ఆయన బదులు మీరంతా విన్నారు, నాకు చాలు.

కూర్చునే ముందు ఇంకొక్క మాట, ఆ సాయంత్రం ఇంట్లో అనుకున్నది ఇదీ. కారుణ్య మొదటి కొలత నుంచి మళ్ళీ మొదలుపెట్టాలి. క్రిస్మస్‌కు మా సొంతూరు బొబ్బిలి ప్రయాణం ఎవరికీ లేదు, మనకు గాలి పొడిగా ఉండేది ఆ రోజుల్లోనే కనుక. ఆమె ట్యూషను పిల్లలు నా దగ్గరికి వస్తారు. ల్యాబు నుంచి ఆలస్యమైతే సుందర్ హౌరా స్టేషను దాకా ఎదురు వెళ్తాడు. మళ్ళీ ఎప్పుడైనా ఉప్పు సీసా ఇంటికి రావలసి వస్తే అది అర మీద కాదు, అమ్మ తలగడ పక్కన ఉంటుంది. ఎవరూ మూత తీయకుండా చూసే బాధ్యత అమ్మదే.

సెలవు.