ఊరికి చదివి వినిపించాకే

వేదిక మీదున్న పెద్దలకు, సార్ సహచరి నిర్మలమ్మగారికి, మక్తల్ వైపు నుంచి పొద్దున్నే బయల్దేరి వచ్చిన ఊరివాళ్లకు, మా విద్యార్థులకు నమస్కారం.

ఇంతమంది కూర్చున్నా ఈ హాలు ఇంత నిశ్శబ్దంగా ఉండడం నేనెన్నడూ చూడలేదు. సార్ ఉంటే ఉండనిచ్చేవారా? వెనక బెంచీలో తల దించుకున్నవాణ్ణి లేపి, "నువ్వేమంటవ్?" అని అడిగేవారు. జవాబు తెలిసినవాళ్లను అడిగే అలవాటు ఆయనకు లేదు.

నా పేరు శోభ. పరశురాములు సార్ దగ్గరే పరిశోధన చేశాను, ఇప్పుడు ఇదే సోషియాలజీ శాఖలో పాఠం చెబుతున్నాను. సార్ రాసిన పుస్తకాలు, అందుకున్న పురస్కారాలు పత్రికల్లో వచ్చాయి. ఒక్క గదితో మొదలైన ఈ శాఖను ఆయన ఎక్కడికి తెచ్చారో కూడా వచ్చింది. అవన్నీ నేను మళ్లీ చెప్పను. ఆయన పెట్టిన ఒక పద్ధతి గురించి చెబుతాను. ఎందుకంటే మిత్రులారా, ఇవాళ అది నిలుస్తుందా, సార్‌తోనే పోతుందా అన్నది నాకు పెద్ద దిగులుగా ఉంది.

ఆ పద్ధతి మీకందరికీ తెలుసు. ఏ ఊరి మీద పరిశోధన చేసినా, యూనివర్సిటీకి సమర్పించే ముందు ఆ ఊరికి పోవాలి. జనాన్ని కూర్చోబెట్టి రాసిందంతా చదివి వినిపించాలి. ఆ తర్వాతే సార్ సంతకం.

అది ఎట్లా మొదలైందో చెప్తే మీరు నవ్వుతారు. నవ్వండి, సార్ ఏమీ అనుకోరు. తెలంగాణ వచ్చిన మరుసటి ఎండాకాలం. గొర్రెలు కాసే కుటుంబాల మీద సర్వే అని మమ్మల్నందరినీ బస్సెక్కించి, తన సొంత ఊరికే తీసుకుపోయారు. పోతే ఏముంది? సగం ఇళ్లకు తాళాలు! ఎండాకాలం మేత దొరకక, మగవాళ్లంతా మందలు తోలుకొని కృష్ణ ఒడ్డుకు పోయారు. గొర్రెల కాపరి ఇంట్లో పుట్టిన మనిషి, ఆ బతుకు మీదే పుస్తకం రాసిన మనిషి, సెలవులు చూసుకున్నారు గానీ కాలం చూసుకోలేదు. వాళ్లమ్మ గుర్వమ్మ వాకిట్లోనే అందుకుంది. "ఏం కొడుకా, పట్నం పోయి గొర్లు ఎప్పుడు పోతయో గూడ మరిచినవా?" సార్ ముఖం చూడాలి అప్పుడు! మాకు నవ్వాగలేదు. మాకంటే ఎక్కువ ఆయనే నవ్వారు.

ఇంకెవరైనా అయితే బస్సు వెనక్కి తిప్పేవారు. సార్ మమ్మల్ని మందల వెంట నడిపించారు. కోతలైన పొలాల్లో, గొర్రెలు తోలిన దగ్గరే కూర్చొని రాసుకున్నాం. వాళ్లు పెట్టిన జొన్నరొట్టే తిన్నాం. తిరిగొచ్చేటప్పుడు ఐలేశం అనే కాపరి మామూలుగానే అడిగాడు. "మా ముచ్చటంత రాసుకపోతున్నరు. గా రాసిన దాంట్ల ఏమున్నదో మాకెప్పుడు చెప్తరు?" శాఖకు వచ్చాక సార్ ఒక్కటే అన్నారు. "ఊరి ముచ్చట ఊరికి తెల్వకుండ పైవాళ్లకు చెప్తే అది చాడీ అయితది. చదువెట్లయితది?"

చదివి వినిపించడమంటే ఊరిని మెప్పించడమనుకునేరు. కాదు. ఓ ఊళ్లో మా వాళ్లు హోటల్లో కొందరికి వేరే గ్లాసులు పెట్టే సంగతి రాశారు. ఆ పేరా చదవగానే పెద్దమనుషులు లేచారు. ఊరి పరువు తీస్తారా అన్నారు, తీసెయ్యమన్నారు. సార్ కుర్చీ వదలలేదు, గొంతు పెంచలేదు. "తప్పు రాస్తే చెప్పుండ్రి, మీ ముందల్నే కొట్టేస్తం. నిజమైతే మాత్రం కోపానికొచ్చినా కొట్టెయ్యం" అన్నారు. అది తప్పని ఎవరైనా అన్నారా? ఒక్కరూ అనలేదు. కొందరు గొణుక్కుంటూ వెళ్లిపోయారు, మిగతావాళ్లు కూర్చున్నారు. సార్ ఆ పేరా మొదటి నుంచి మళ్లీ చదివించారు. అంత మెత్తటి మనిషిలో అంత మొండితనం ఎక్కడ దాగుండేదో!

అమ్మా, అయ్యా, ఇప్పుడు నా దిగులు సంగతి. ఈ పద్ధతి ఏ నిబంధనల్లోనూ లేదు. సార్ మాట మీద నడిచింది, అంతే. ఆలస్యమవుతుందని విసుక్కున్నవాళ్లున్నారు, నవ్వినవాళ్లూ ఉన్నారు. సార్ దగ్గర చివరిగా చేరిన విద్యార్థి అక్షిత. మందలు వలస పోయాక ఊళ్లో మిగిలే ఆడవాళ్ల మీద రాసింది. చదివే రోజు కూడా ఖాయమైంది. ఇంతలో సార్ దవాఖానలో పడ్డారు. ఈ పిల్ల ఊరికి పోకుండా ఆయన మంచం దగ్గరికి పోయింది. సార్ కసిరారట. "నన్ను చూసుడేంది బిడ్డా? ఆడ నీకోసం కూసున్నరు, పో." ఆమె పోలేకపోయింది. సార్ మనకు దక్కలేదు.

ఇప్పుడు ఉద్యోగ దరఖాస్తుకు గడువు ముంచుకొచ్చింది. రేపే సమర్పిస్తే ఆమెకు అర్హత వస్తుంది. ఊరికి పోయి, చదివి, వాళ్లు చెప్పింది సవరించుకొని వస్తే గడువు దాటిపోతుంది. సమర్పించెయ్ అన్నవాళ్లను నేను తప్పుపట్టను. పేదింటి పిల్ల, ఆ ఉద్యోగం ఎవరికి చేదు? నేను కూడా ఆమెకు ఏమీ చెప్పలేదు. చెప్పే ధైర్యం నాకు చాల్లేదు.

ఇవాళ పొద్దున ఆమే నా దగ్గరికొచ్చింది. ఈ మాటలు మీకు చెప్పొచ్చని కూడా అంది. "ఉద్యోగం మల్లొక్కపారి పడ్తది మేడం. గా అక్కలకు మాటిచ్చింది సారొక్కడే గాదు, నేను గూడ ఇచ్చిన. ఆదివారం ఊరికి పోతున్న."

నాకు ఏడుపొచ్చింది. సార్ పోయినందుకు వచ్చిన ఏడుపు కాదది. అక్షితా, ఆదివారం నీ పక్కన నేనుంటాను. బస్సులో జాగా ఉన్నంతవరకు ఎవరైనా రావచ్చు.

ఇక సార్‌ను తలుచుకుంటూ అందరం లేచి, కాసేపు మాటలాపి నిలబడదాం. అక్షితా, నువ్వు ముందుకొచ్చి సార్ ఫోటో దగ్గర నిలబడమ్మా. నిర్మలమ్మగారూ, దవాఖానలో ఇన్నాళ్లూ ఒంటికాలి మీద నిలబడ్డారు మీరు. మీరు కూర్చోండమ్మా. మీ వంతు మేం నిలబడతాం.