జగన్నాధం కాలు పెట్టిన నీళ్లు

కోటబొమ్మాళి స్టేషన్ రోడ్డులో, కన్యాకుమారి టీ కొట్టు దగ్గర ధనరాజు ఊరికే ఉండలేక అన్నాడు: "ఏటి బావా, మీ శ్రావణి పెద్దింటి కోడలైనాక నిన్ను మర్సిపోయినాదంట కదా!"

జగన్నాధం టీ గ్లాసు ఠక్కున బల్ల మీద పెట్టేశాడు.

"ఎవడ్రా అన్నాడు? ఆడ్ని ఇలా రమ్మను. మొన్న మూడు రోజులు నానెక్కడున్నాననుకుంటన్నావు? సముద్రం ఒడ్డున రిసార్టులోన! మా పాప, అల్లుడు, ఆలత్తమామలు, నాను. ఒకపాలి గేటు దాటితే మరి జేబులో సెయ్యెట్టక్కర్లేదురా. తిండి, కాఫీలు, గది, పడవ షికారు, అన్నీ అందులోనే. సేతికో పట్టీ కడతారు. అది సూపిస్తే ఏది కావాలంటే అది, ఎంత కావాలంటే అంత. పొద్దున్నే కూకుని ఇరవై ఇడ్లీలు తిన్నాను."

"ఇరవయ్యేనా?" అంది కన్యాకుమారి, పాలు కలుపుతూ.

"ఆ పూట ఆకలి లేదే! తర్వాత ఏటయినాదో తెలుసా? దోసెలు మొదలెట్టినాను. నలభై అయ్యేసరికి వంటోడు అట్లకాడ కిందెట్టీసి, 'బాబూ, మరి పిండి లేదు, రాజాం బజారుకి మనిసినంపినాం' అని దణ్ణమెట్టినాడు. సర్లే, ఆగినాను, పెద్దమనిసిని కదా. మా పాప నా పక్కనే కూకుని 'మా నాన్నకి ఇంకోటెయ్యండి' అంటంది. అందరి ముందరా అంటంది. ఆలత్త ముందర కూడా."

అప్పుడే త్రినాథ్ కారు రోడ్డు వారన ఆపి, టీకి చెప్పి బల్ల చివర కూర్చున్నాడు. శ్రావణి వాళ్లను రిసార్టుకు తీసుకెళ్లిన అద్దె కారు అతనిదే. జగన్నాధం అతన్ని చూసి కాస్త తడబడ్డాడు. ఆ వెంటనే గొంతు ఇంకా పెంచాడు.

"ఇదిగో, త్రినాథే వచ్చినాడు! లోపలో నీళ్ల కొలనున్నాదిరా, నీలంగా, మన పెద్ద వరిమడంత. ఎళ్లగానే అందులో కాలెట్టినాను. మరేటి, ఎవలింటికెళ్లినా గుమ్మం ఎక్కీ ముందర కాళ్లు కడుక్కోమా? కాలెట్టినానో లేదో, నీళ్లు తళతళా మెరిసినాయి. ఈతలాడతన్నోలందరూ లేచి నిలబడిపోయినారు. ఓ దొర ఆ నీళ్లు దోసిట్లో పట్టి నెత్తిన సల్లుకున్నాడు. మేనేజరు పరిగెత్తుకొచ్చి 'తమరెవలి తాలూకు బాబూ?' అన్నాడు. మా పాప ఏటన్నాదో తెలుసా? 'మా నాన్న' అన్నాది. ఎంత గట్టిగా అన్నాదంటే, సముద్రం మీద కెరటాలు ఆగిపోయినాయి."

"ఆగిపోయినాయా!" అన్నాడు ధనరాజు.

"పావుగంట! సేపలు తలకాయలెత్తి 'ఎవుడ్రా ఈ నాన్న' అని సూసినాయి. ఓనరు హెలికాప్టరేసుకుని దిగిపోయినాడు. 'ఈ కొలనుకి నీ పేరెట్టీస్తాను, ఇక్కడే ఉండిపో బాబూ' అని నా కాళ్లట్టుకున్నాడు. నానొప్పుకుంటానా? ఇక్కడ వరి ఎవుడు కోస్తాడు?"

"మరప్పుడు త్రినాథెక్కడున్నాడు బావా?" ధనరాజు కన్ను కొడుతూ అడిగాడు.

"ఆడా? ఎనకాల డ్రైవర్ల రేకుల షెడ్డులోన. ఆలకి సాంబారన్నం. నాను మేడ మీద నించి సూసి, పాపం, సాకిరీ సేసుకునీ బతుకులు, ఇలాంటోలకి లోపల ఎవుడెడతాడని జాలేసి, రెండు సేప ముక్కలు కిందకంపించినాను."

త్రినాథ్ గ్లాసు దించాడు.

"మావా, ఆ షెడ్డులోన నా పక్కన పరిసిన సాప ఎవలిది?"

జగన్నాధం బల్ల మీది గ్లాసు అందుకున్నాడు.

"సెప్పు. మేడ మీద నించి నాకు సేప ముక్కలంపినావా? మూడు రోజులు నా కంచం పక్కన కంచమెట్టుకుని ఆ సాంబారన్నమే తిన్నావు కదా. ఆలింకా పట్టీలు కట్టనేలేదు, నువ్వెళ్లి కొలనులో కాళ్లు కడిగి, పుక్కిలించి అందులోనే ఊసినావు. గేటుకాడోడు నీ జబ్బట్టుకుని, ఈ ముసిలోడెవలి తాలూకని అరిసినాడు. మీ పాప అక్కడే ఉన్నాది. ఆలత్త పక్కనే ఉన్నాది. మీ పాప నీ మొకం సూసి, 'డ్రైవరు తాలూకు' అన్నాది. నానే కదా, అవును మా నాన్నేనని సెప్పి నిన్ను సెయ్యట్టుకుని తీసుకెళ్లినాను?"

కన్యాకుమారి స్టవ్ తగ్గించింది. ధనరాజు తలవంచుకుని అరచేతులు చూసుకుంటున్నాడు. నవ్వుదామని వచ్చినవాడికి నవ్వు రాలేదు.

"కోపమొచ్చి అనీసినాను మావా," అన్నాడు త్రినాథ్.

"నువ్వన్నదాంట్లో అబద్ధమేటున్నాదిరా." జగన్నాధం తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "సిగ్గుతో సచ్చిపోయినాను ఆ వేళ. నా భుజాలెక్కించుకుని తిప్పిన గుంటరా అది."

లేచి నిలబడ్డాడు. రెండడుగులు వేసి మళ్లీ వెనక్కి వచ్చాడు.

"నా ఇంటిదానికి, అసిరమ్మకి మాత్రం సెప్పకండర్రా. కూతురు తన కంచంలోది తీసి నాకెట్టినాదని సెప్పినాను. పాప పెళ్లయి ఎళ్లినకాడ నించి దిగులుతో సగం మెతుకులు ఒగ్గీసీది. నిన్న కడుపు నిండా తిన్నాది."